కంపెనీల జాతకం... కాంక్రీటులో!

పెద్ద పెద్ద టెక్నాలజీ కంపెనీలు రేపు ఎటు వెళ్లబోతున్నాయో తెలుసుకోవాలంటే జ్యోతిష్యం అక్కర్లేదు. వాళ్లు కట్టిస్తున్న గోడలు, వేయిస్తున్న కేబుళ్లు చూస్తే చాలు! ఈ మాట అంటున్నది షేర్ మార్కెట్ పండితులు కాదు. పొద్దున్నే ఆరింటికల్లా హెల్మెట్ పెట్టుకుని సన్నీవేల్‌లో సైటు మీదకెళ్లే మాలాంటి వాళ్లం.

మేము చదివింది విశాఖపట్నం కంచరపాలెం పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా. అమెరికా వచ్చింది సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా కాదు, సాఫ్ట్‌వేర్ ఇంజినీరు గారి భర్తగా! హెచ్-4 వీసా మీద ఉన్నవారిలో కొందరు ఉద్యోగం చేసుకోవడానికి 2015లో ఇక్కడి ప్రభుత్వం వీలు కల్పించింది. ఆ కాగితం చేతికొచ్చిన దగ్గర్నుంచీ మేమున్నది సైట్ల మీదే. ఒక కంపెనీ ఖాళీ చేసి వెళ్లిన ఆఫీసును లోపల మొత్తం విప్పేసి, కొత్తగా వచ్చే కంపెనీకి కావలసినట్టు తయారుచేసి ఇవ్వడం మా కాంట్రాక్టరు పని. ఆ పని సక్రమంగా జరిగేలా చూడటం మా పని.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న ఆదివారం ఇండియా నుంచి మా అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు. వాళ్లది విశాఖ పక్కన ఆనందపురం మండలం. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ దగ్గర పడుతోంది. "బాబాయ్, సీఎస్ఈ తీసుకోనా, ఈఈఈ తీసుకోనా? మన దగ్గరికి గూగుల్ వస్తోందిగా, సీఎస్ఈ చదివితే అందులోనే ఉద్యోగం అంటున్నారు అందరూ" అన్నాడు. పక్కనుంచి మా వదిన "సీఎస్ఈ అయితేనే సంబంధాలొస్తాయి, అది చెప్పండి మరిది గారూ" అని అరుస్తోంది. వారం టైమివ్వమన్నాం. ఈ వారమంతా మేము ఆలోచించిందే ఇక్కడ రాస్తున్నాం. ఇలాంటి ఫోన్లు మీలో చాలామందికి వస్తూనే ఉంటాయి కదా!

పళ్లతోటల ఊరు

సన్నీవేల్ అంటే ఇప్పుడు అందరికీ కంప్యూటర్లే గుర్తొస్తాయి. కానీ ఒకప్పుడు ఇది చెర్రీ, ఆప్రికాట్ తోటల ఊరు. పళ్లను డబ్బాల్లో నింపే లిబ్బీ ఫ్యాక్టరీ ఇక్కడే ఉండేది. ఫ్యాక్టరీ పోయింది కానీ దాని నీళ్ల ట్యాంకు మాత్రం పళ్ల డబ్బాలా రంగులేసుకుని ఇప్పటికీ నిలబడే ఉంది. తోటల తర్వాత 1956లో లాక్‌హీడ్ వాళ్లు క్షిపణుల పని మొదలుపెట్టారు. 1969లో ఏఎండీ చిప్పుల కంపెనీ వచ్చింది. 1972లో అటారీ వాళ్లు తమ 'పాంగ్' వీడియో గేము మిషన్ను మొదటిసారి పెట్టింది ఇదే ఊళ్లో, ఎల్ కమీనో రోడ్డు మీదున్న ఒక బార్‌లో!

యాహూ సంగతి చూడండి. 2001లో ఊదారంగు బోర్డులతో ఫస్ట్ అవెన్యూలో పెద్ద ప్రాంగణంలో దిగింది. ఇక్కడ ఉద్యోగమంటే అప్పట్లో ఎంత గొప్పో పాతవాళ్లు కథలు కథలుగా చెబుతారు. 2017లో యాహూ వ్యాపారాన్ని వెరిజాన్ కొనుక్కుంది. 2019లో ఆ ప్రాంగణాన్ని గూగుల్ కొనేసింది. ఎవరైతే యాహూ వెతుకులాటను మింగేశారో వాళ్లే చివరికి దాని ఇల్లు కూడా తీసుకున్నారన్నమాట. మాకు దీంట్లో తెలిసిన నీతి ఒకటే... ఈ ఊళ్లో భవనం ఉంటుంది, బోర్డు మారుతుంది.

బల్లలు పోయి ల్యాబులు వచ్చె...

ఏ కంపెనీ, ఏ బిల్డింగు అన్నది చెప్పం. సంతకాలు పెట్టి ఉన్నాం! కానీ పని తీరు ఎలా మారిందో చెప్పొచ్చు. కోవిడ్‌కు ముందు మా డ్రాయింగుల్లో కనిపించేవి వరుసగా బల్లలు, మధ్యలో మీటింగు గదులు, మూలకో వంటగది. వెయ్యిమంది కూర్చుని కోడ్ రాయడానికి అదే సరిపోయేది. 2020లో అంతా ఇళ్లకు వెళ్లిపోయారు. తర్వాత ఉద్యోగాల కోతలు మొదలయ్యాయి. 2022 నవంబరులో మెటా 11 వేల మందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి.

ఆ తర్వాత మా చేతికొస్తున్న డ్రాయింగులే వేరు. బల్లలు తగ్గాయి, ల్యాబులు పెరిగాయి. వెలుతురు చొరబడని చీకటి గదులు కావాలంటున్నారు. చప్పుడు ప్రతిధ్వనించకుండా గోడలంతా స్పాంజి ముళ్లు దిగేసిన గదులు, బయటి సిగ్నల్ లోపలికి రాకుండా రాగి జాలీ చుట్టిన గదులు అడుగుతున్నారు. చీకటి గదెందుకు? కెమెరాలు, కళ్లజోడు అద్దాలు పరీక్షించడానికి. నిశ్శబ్దం గదెందుకు? మైకులు, స్పీకర్ల కోసం. రాగి జాలీ ఎందుకు? వైర్‌లెస్ పరికరాల కోసం. అంటే ఫోన్ తర్వాత ఏంటన్న వెతుకులాట ఇంకా నడుస్తూనే ఉందని అర్థం.

బయట మార్కెట్టు చూసినా అదే కనిపిస్తుంది. మెటా వాళ్లు 2025 సెప్టెంబరులో అద్దంలోనే చిన్న తెర ఉన్న రేబాన్ కళ్లజోడు 799 డాలర్లకు తెచ్చారు. గూగుల్ కూడా కళ్లజోళ్ల కంపెనీలతో చేతులు కలిపింది. ఛాట్‌జీపీటీ కంపెనీ ఓపెన్‌ఏఐ 2025 మేలో, ఐఫోన్ రూపశిల్పి జానీ ఐవ్ పెట్టిన 'ఐఓ' సంస్థను సుమారు 650 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. కిండిల్, ఎకో తయారుచేసిన అమెజాన్ ల్యాబ్126 మా ఊళ్లోదే. ఇక డ్రైవరు లేని వేమో కార్లు 2025 మార్చి నుంచి సన్నీవేల్‌లో కొంతమేర జనాన్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టాయి. మొదటిసారి స్టీరింగు దానంతటదే తిరుగుతుంటే మా అమ్మ దండం పెట్టుకుని కూర్చుంది!

అన్నీ ఫలిస్తాయని లేదు

అలాగని ల్యాబు కట్టినంత మాత్రాన వస్తువు వస్తుందని నమ్మకం లేదండోయ్. గూగుల్ గ్లాస్ గుర్తుందా? 2013లో 1500 డాలర్లకు ఇచ్చారు, 2015 జనవరిలో మామూలు జనానికి అమ్మడం ఆపేశారు. యాపిల్ కారు సంగతి ఇంకా పెద్దది. ఆ కారు పని సన్నీవేల్‌లోని రహస్య ఆఫీసుల్లో జరుగుతోందని 2015లోనే పత్రికలు రాశాయి. దాదాపు పదేళ్లు నడిచాక 2024 ఫిబ్రవరిలో ఆ ప్రాజెక్టును మూసేశారు. అదే నెలలో 3,499 డాలర్లకు వచ్చిన విజన్ ప్రో ఎంతమంది తెలుగువాళ్ల ఇళ్లల్లో ఉందో మీరే లెక్క చూసుకోండి. జేబు సంచి అంత తేలిగ్గా ఎవరూ విప్పరు కదా.

సామాన్యుడికి కావలసింది తేలిగ్గా ఉండాలి, ధర అందుబాటులో ఉండాలి, పొద్దున్న పెట్టుకుంటే రాత్రి దాకా ఛార్జింగ్ ఉండాలి. ఈ మూడూ ఒకచోట కుదిరేదాకా ఫోన్‌ను పక్కన పెట్టించడం ఎవరి తరమూ కాదని మా సైటు అభిప్రాయం!

అసలు డబ్బంతా కరెంటులోనే

మాకు కనిపిస్తున్న అతిపెద్ద మార్పు మాత్రం కళ్లజోళ్లలో లేదు, కరెంటు గదిలో ఉంది. ఇదివరకు డేటా సెంటర్లో ఒక బీరువాకు, అంటే ఒక ర్యాక్‌కు, ఐదు నుంచి పది కిలోవాట్లు ఉంటే ఎక్కువ. ఇప్పుడు ఎన్‌విడియా కొత్త ఏఐ ర్యాక్ ఒక్కటే 120 కిలోవాట్ల దాకా లాగుతుంది. అంత వేడిని ఫ్యాను గాలి చల్లార్చలేదు. చిప్పు పక్కనుంచే నీళ్ల గొట్టం వెళ్లాలి. బరువు ఎక్కువ కాబట్టి నేల గట్టిగా ఉండాలి. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు ఆర్డరు పెడితే చెప్పిన రోజుకు రావడం లేదు. మా దగ్గర ఇప్పుడు మంచి ఎలక్ట్రీషియన్ దొరకడమే గగనం.

డబ్బు ఎటు వెళ్తోందో అంకెలే చెబుతాయి. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ 2022లో భవనాలు, యంత్రాల మీద పెట్టిన ఖర్చు సుమారు 3,150 కోట్ల డాలర్లు. 2025లో 9,100 నుంచి 9,300 కోట్ల డాలర్లు పెడతామని అదే సంస్థ చెప్పింది. మూడేళ్లలో దాదాపు మూడింతలు! మరోపక్క శాన్‌హోసే ఊరి నడిబొడ్డున కట్టాల్సిన పెద్ద ఆఫీసుల ప్రాజెక్టు పనులను 2023లో గూగుల్ ఆపేసింది. మనుషులు కూర్చునే చోటు మీద చెయ్యి బిగించి, యంత్రాలు కూర్చునే చోటు మీద గుమ్మరిస్తున్నారు. ఇంతకంటే పెద్ద జాతకం ఇంకేం కావాలి?

ఈ మార్పు మా ఇంటిదాకా వచ్చింది. మా ఆవిడ పనిచేసే కంపెనీలో ఆమె టీమ్‌ను సగానికి తగ్గించారు. ఆమె మిగిలింది, పక్క సీటామె మిగల్లేదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి 60 రోజులే గడువు. ఆ అరవై రోజులూ ఆ ఇంట్లో పిల్లల బడి, కారు వాయిదా, అద్దె... అన్నీ క్యాలెండర్ వైపే చూస్తూ గడిచాయి. చివరి వారంలో వాళ్లకు ఇంకో ఉద్యోగం దొరికింది. ఆ రోజు మా రెండు కుటుంబాలూ కలిసి గుడికెళ్లొచ్చాం.

విశాఖ దారిలో గూగుల్

2025 అక్టోబరు 14న గూగుల్ ఢిల్లీలో పెద్ద ప్రకటన చేసింది. విశాఖలో ఏఐ హబ్ కోసం ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామన్నది దాని సారాంశం. అదానీ కనెక్స్, ఎయిర్‌టెల్ భాగస్వాములు. గిగావాట్ స్థాయి డేటా సెంటర్లు, సముద్రం అడుగునుంచి వచ్చే కేబుళ్లు అందులో ఉన్నాయి. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు పేపర్లలో వచ్చాయి. తర్లువాడ మా అన్నయ్య వాళ్ల మండలమే!

ఇక్కడే మనవాళ్లు ఒక తేడా గమనించాలి. హైదరాబాద్‌లో 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. 2019లో అమెజాన్ 15 వేల మందికి చోటున్న భవనం తెరిచింది. అవి మనుషులు కూర్చునే ఆఫీసులు. డేటా సెంటర్ అలాంటిది కాదు. కట్టేటప్పుడు వేలమందికి పని ఉంటుంది. కట్టాక లోపల ఉండేవాళ్లు వందల్లోనే. అందులోనూ ఎక్కువమంది కోడ్ రాసేవాళ్లు కాదు... కరెంటు, చిల్లర్లు, జనరేటర్లు, ఫైబర్ కేబుళ్లు చూసుకునేవాళ్లు. గూగుల్ వస్తోంది కదా అని సీఎస్ఈ తీసుకుంటే, గేటు బయటే ఉండిపోయే ప్రమాదం ఉంది.

అన్నయ్యకు ఇంకో మాట కూడా చెప్పాం. ఊళ్లో సభ పెడితే మూడు ప్రశ్నలు అడగమన్నాం. ఎండాకాలంలో చల్లబరచడానికి నీళ్లు ఎక్కడ్నుంచి తెస్తారు? రైవాడ, మేఘాద్రిగెడ్డ నీళ్లే విశాఖ తాగుతోంది కదా. కరెంటు లైను ఎవరి పొలం మీదుగా వెళ్తుంది? కట్టడం అయిపోయాక మన మండలం పిల్లలకు ఎలాంటి శిక్షణ ఇచ్చి ఎన్ని పోస్టులు ఇస్తారు? వద్దనడానికి కాదు, కాగితం మీద రాయించుకోవడానికి. సైటు మీద మేము నేర్చుకున్న మొదటి పాఠం అదే... నోటిమాట బిల్లులో రాదు!

మరి అబ్బాయికి ఏం చెప్పాం?

ఈ ఆదివారం మళ్లీ ఫోన్ చేశాం. మా ఆవిడే మొదట మాట్లాడింది. "సీఎస్ఈ పోయిందని ఎవరన్నా అంటే నమ్మకు. కానీ నాలుగు ప్రోగ్రాములు బట్టీపట్టి ఉద్యోగం కొట్టే రోజులు పోయాయి. ఆ పని ఇప్పుడు మిషనే చేస్తోంది. లెక్కలంటే ఇష్టం ఉండి, రాత్రిపూట కూర్చుని సొంతంగా ఏదైనా తయారుచేసే ఓపిక ఉంటేనే తీసుకో" అంది.

మేము అడిగింది ఒక్కటే. "ఇంట్లో మోటారు కాలిపోతే ఏం చేస్తావురా?" వాడు తడుముకోకుండా "నేనే విప్పుతా బాబాయ్, పోయినసారి వైండింగు కూడా దగ్గరుండి చేయించా" అన్నాడు. సమాధానం వాడి నోట్లోంచే వచ్చేసింది కదా! ఈఈఈ తీసుకోమన్నాం. దాంతోపాటు కాస్త ప్రోగ్రామింగు, కాస్త చిల్లర్ల పని నేర్చుకోమన్నాం. రేపు విశాఖ సంగతి ఎలా ఉన్నా, ఆ చదువుకు హైదరాబాద్‌లోనూ పని ఉంటుంది, చెన్నైలోనూ ఉంటుంది.

వదిన మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. "సంబంధాల సంగతో?" అంది. "వదినా, సాఫ్ట్‌వేర్ అమ్మాయి సివిల్ డిప్లొమా వాడినే చేసుకుంది... మీకింకా బెంగెందుకు!" అన్నాం. అవతల అన్నయ్య నవ్వు వినిపించింది.

మేం చెప్పిందే జరుగుతుందని హామీ ఇవ్వలేం. యాహూ వాళ్లు కూడా శాశ్వతమనుకునే కట్టించుకున్నారు. కంపెనీలు ఎటైనా వెళ్లనీ, వాటి కింద పునాది వేసే చెయ్యి, తీగ కలిపే చెయ్యి మాత్రం ఖాళీగా ఉండదు. పిల్లలకు బ్రాంచి ఎంచేటప్పుడు పక్కింటివాళ్లు ఏం తీసుకున్నారని కాకుండా, మీ అబ్బాయి చెయ్యి, మీ అమ్మాయి చెయ్యి దేనిమీద ఆడుతోందో ఒక్కసారి చూడండి.

- ఒక సైటు సూపర్‌వైజరు, సన్నీవేల్ నుంచి