మూత పెట్టిన డబ్బాలోకి పురుగు ఎలా వచ్చింది?

అమ్మ పెసల డబ్బా మూత తీసింది. లోపల గోధుమరంగు పురుగులు చకచకా పాకుతున్నాయి. చాలా గింజలకు గుండ్రటి రంధ్రాలు! నెల క్రితం శుభ్రంగా చెరిగి, మూత బిగించి పెట్టిన డబ్బా అది. చీమ దూరే సందు కూడా లేదు. మరి ఇన్ని పురుగులు ఎక్కడినుంచి వచ్చాయి?

"పెసల్లోనే పుట్టాయిరా" అంటుంది నాయనమ్మ. పూర్వం గొప్ప గొప్ప పండితులు కూడా ఇలాగే అనుకునేవారు. మాంసం కుళ్ళితే అందులోంచి పురుగులు వాటంతట అవే పుడతాయని నమ్మేవారు. 1668లో ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో రెడీ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని పరీక్షించి చూశాడు. మాంసం ఉంచిన జాడీల్లో కొన్నింటిని తెరిచి ఉంచాడు. కొన్నింటికి పలుచని గుడ్డ కట్టాడు. ఈగలు వాలిన మాంసానికే పురుగు పట్టింది. అంటే పురుగు పుట్టాలంటే తల్లి గుడ్డు పెట్టాలన్నమాట.

అయితే మన డబ్బాలో గుడ్లు పెట్టిందెవరు?

చేలోనే మొదలు

పెసలను తొలిచేది పుచ్చు పురుగు. శాస్త్రజ్ఞులు దీన్ని కాలోసోబ్రూకస్ అంటారు. పొడవు 3, 4 మిల్లీమీటర్లే. పెసర కాయలు చేలో ఎండుతున్నప్పుడే ఇది వచ్చి వాలి, వాటి మీద గుడ్లు పెడుతుంది. ఆ తర్వాత నిలవ ఉన్నచోట గింజల మీదే పెడుతుంది. గుడ్డు గింజకు బంకలా అతుక్కుంటుంది. చెరిగినా, జల్లించినా రాలదు.

నాలుగైదు రోజుల్లో గుడ్డులోంచి పిల్లపురుగు నేరుగా గింజలోకే తొలుచుకుపోతుంది. గింజమీద తెల్లని చుక్కలా మిగిలేది ఖాళీ గుడ్డు పెంకు. లోపలి పప్పు తింటూ పెరిగిన పురుగు, చివరకు పైపొట్టును మాత్రం పలుచని కిటికీలా వదిలి, అక్కడే ప్యూపా దశలోకి మారుతుంది. రెక్కలొచ్చాక ఆ కిటికీని తోసుకుని బయటపడుతుంది. ఇదంతా జరగడానికి మూడు నాలుగు వారాలు చాలు. అమ్మ మూత పెట్టిననాటికే పురుగు లోపల ఉందన్నమాట!

బియ్యంలో కనిపించే ముక్కు పురుగు ఇంకా గడుసుది. తన పొడవాటి ముక్కుతో గింజకు చిల్లు చేసి, అందులో గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. గుడ్డు మన కంటికి కనిపించదు.

ఒక లెక్క

ఒక ఆడ పుచ్చు పురుగు 80 గుడ్లు పెట్టిందనుకుందాం. అన్నీ బతికి, వాటిలో సగం ఆడవైతే, రెండో తరంలో 3,200 పురుగులు. మూడో తరంలో 1,28,000! మూడు నెలల్లో బస్తా పాడయ్యేది ఇందుకే.

ఏం చెయ్యాలి?

పెసలు కొనగానే ఎర్రటి ఎండలో పలుచగా పరచాలి. గింజ వేడి 50 డిగ్రీలు దాటి కొంతసేపు నిలిస్తే లోపలి పురుగు చచ్చిపోతుంది. గింజలో తేమ కూడా తగ్గుతుంది. చల్లారిన తర్వాతే డబ్బాలో పోయాలి. మన ఇళ్ళలో కందులకు, పెసలకు ఆముదం పట్టించే అలవాటు ఉంది కదా. నూనె పూత గుడ్డుకు గాలి ఆడనివ్వదు. కొన్నిచోట్ల విత్తనాల్లో బూడిద కలుపుతారు. అది పురుగు ఒంటిమీది మైనపు పొరను చెరిపేస్తుంది. అప్పుడు ఒంట్లోని నీరు ఆవిరై పురుగు ఎండిపోతుంది.

ఒక హెచ్చరిక. గోదాముల్లో వాడే విషపు బిళ్ళలు, పురుగుల మందు పొడులు ఇంట్లో ఎన్నడూ వాడకూడదు. ఆ బిళ్ళలనుంచి వెలువడే వాయువు మనుషుల ప్రాణాలు కూడా తీస్తుంది.

మీరే చేసి చూడండి

తెల్లచుక్కలు ఉండి, రంధ్రం పడని పెసలు రెండు గుప్పెళ్ళు ఏరండి. ఒక గుప్పెడు అలాగే గాజుసీసాలో పోయండి. రెండో గుప్పెడు మూడురోజులు మండుటెండలో నల్లగుడ్డ మీద ఎండబెట్టి, మరో సీసాలో పోయండి. రెండింటికీ పలుచని గుడ్డ కట్టండి. రోజూ చూస్తూ, ఏ సీసాలో ఎన్ని పురుగులు బయటికొచ్చాయో నెలరోజులు రాసుకోండి.

తర్వాత రంధ్రాలున్న గింజలు 20, మంచి గింజలు 20 తడిగుడ్డలో వేరువేరుగా మూటకట్టి, ఎన్ని మొలకెత్తాయో లెక్కించండి. పుచ్చు పట్టిన గింజలను విత్తనానికి దాచుకున్న రైతుకు ఎంత నష్టమో మీకే తెలుస్తుంది.