ఎలుకల లెక్క తేల్చేది గట్టే

వరి పొట్టకొచ్చిందంటే డెల్టా రైతుకు కంటిమీద కునుకుండదు. తెల్లారి చూస్తే పిలకలు కొడవలితో కోసినట్టు తెగి పడి ఉంటాయి. ఇది పొలం ఎలుక పని. చూలు కట్టిన మూడు వారాలకే ఈనుతుంది. ఈతకు ఆరు నుంచి పది పిల్లలు. అవి మూడు నెలలకల్లా తల్లులయ్యే వయసుకు వస్తాయి. ఈ లెక్కన ఒక్క జంట ఏడాది తిరిగేసరికి వందల్లోకి చేరాలి. పదేళ్లకు మనిషికి కాలు పెట్టే చోటుండకూడదు. అలా జరగడం లేదంటే ఎక్కడో అడ్డు పడుతున్నట్టే.

ఆ అడ్డు గట్టులోనే ఉంది. పొలం ఎలుకది ఒంటరి కాపురం. పిల్లల తల్లి సంగతి వేరు గాని, మామూలుగా కలుగుకు ఒక్కటే ఉంటుంది. ఇంకోటి వస్తే కరిచి తరుముతుంది. మడిలో నీళ్లుంటాయి కనుక తవ్వుకోవడానికి గట్టే గతి. గట్టు నిండిపోతే చోటు దొరకని కుర్ర ఎలుకలు బయట తిరుగుతూ జెర్రిపోతుకో, గుడ్లగూబకో చిక్కుతాయి. విషం లేని జెర్రిపోతును కర్రలతో కొట్టి చంపేదీ, కీడని గుడ్లగూబను తరిమేదీ ఆ పొలం రైతులే కావడం విచిత్రం.

అయితే పంట ఏపుగా ఉన్నప్పుడు పాములూ గూబలూ ఎన్ని తిన్నా ఎలుకల ఈతల ముందు చాలవు. తిండి తగ్గితేనే ఈతలు తగ్గుతాయి. కోతలై, కాలవలు కట్టేసిన వేసవిలో మిగిలినవి కాలవగట్లకూ గడ్డివాముల కిందికీ చేరతాయి. ఒకే పంట పండించిన రోజుల్లో ఈ కరువు నెలలు ఎక్కువ. దాళ్వా వచ్చాక ఎలుకకు ఏడాదికి రెండు పండుగలు.

జింక్ ఫాస్ఫైడ్ ఎర పెట్టినా, రుచి చూసి బతికి బయటపడిన ఎలుక మళ్లీ దాన్ని ముట్టదు. పైగా ఒక రైతు ఒక్కడే మందు పెడితే ఖాళీ అయిన కలుగుల్లోకి పక్క చేలో ఎలుకలు కాపురానికి వస్తాయి. తిండీ చోటూ అలాగే ఉన్నాయి మరి. అందుకే పైరు పొట్టకొచ్చాక హడావుడి పడేకంటే, ఎలుకలు తక్కువగా ఉండే నాట్ల ముందే ఊరంతా కలిసి ఒకేసారి ఎర పెడితే ఫలితం ఉంటుంది.

దమ్ములప్పుడు గట్లు చెక్కి సన్నం చేయడం పాత పద్ధతే. సన్నగట్టులో కలుగు నిలవదు. కూలి గిట్టదని ఆ పని మానేసిన చోట గట్లు ఏటేటా బలిసి, గడ్డి మొలిచి, ఎలుకలకు కొత్త ఇళ్లు అమరుతున్నాయి.