సీ డ్రైవ్‌లో 237 జీబీయేనా? డిస్క్ మొత్తం సైజు సీఎండీలో ఇలా చూడండి

“అన్నయ్యా, నన్ను ముంచీసినారు!”

శనివారం రాత్రి మా పిన్ని కొడుకు ఫోన్. విజయనగరంలో బీటెక్ చదువుతున్నాడు. శ్రీకాకుళంలో ఒక షాపులో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాడు. 512 జీబీ ఎస్ఎస్‌డీ అన్నారు, రేటు 19 వేలు. ఆ డబ్బు ఉద్దానంలో బాబాయి జీడిపిక్కలు అమ్మితే వచ్చింది. ఇంటికొచ్చి ‘దిస్ పీసీ’ తెరిస్తే సీ డ్రైవ్ ఒక్కటే ఉంది, అది కూడా 237 జీబీ. 256 జీబీ డిస్క్ పెట్టి 512 అని అమ్మేశారని వాడి అనుమానం. పొద్దున్నే వెళ్లి షాపువాడితో గొడవ పెట్టుకుంటానన్నాడు.

“ఆగరా, ముందు సీఎండీ ఓపెన్ చెయ్” అన్నాను.

దిస్ పీసీని నమ్మొద్దా?

దిస్ పీసీలో కనిపించేది డిస్క్ సైజు కాదు, డ్రైవ్ లెటర్ ఉన్న పార్టిషన్ల సైజు. డిస్క్‌లో ఖాళీగా వదిలేసిన భాగం అక్కడ కనపడదు. మొత్తం లెక్క కావాలంటే ఇలా చేయండి. కమాండ్లన్నీ ఇంగ్లీష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

1. స్టార్ట్‌లో సీఎండీ అని వెతికి, రైట్ క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ నొక్కండి.
2. ‘డిస్క్‌పార్ట్’ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి.
3. ‘లిస్ట్ డిస్క్’ అని ఇవ్వండి.
4. చూడటం అయ్యాక ‘ఎగ్జిట్’ ఇచ్చి బయటికి రండి.

డిస్క్‌పార్ట్‌లో ఉన్నప్పుడు తెలియని కమాండ్లతో ప్రయోగాలు వద్దు. డిస్క్ సెలెక్ట్ చేసి ‘క్లీన్’ అని కొడితే పార్టిషన్లన్నీ పోతాయి.

మావాడికి ఏం కనిపించింది?

సైజ్ కాలమ్‌లో 476 జీబీ, ఫ్రీ కాలమ్‌లో 238 జీబీ. ఇక్కడ ‘ఫ్రీ’ అంటే ఫైళ్లు పోగా మిగిలిన జాగా కాదు, ఏ పార్టిషన్‌కీ ఇవ్వని జాగా. అంటే డిస్క్ 512దే. విండోస్ వేసినవాళ్లు సగానికే పార్టిషన్ చేసి, మిగతా సగం అలాగే వదిలేశారు.

మరి 476 ఏంటి? కంపెనీ లెక్కలో ఒక జీబీ అంటే 100 కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో 1024ని మూడుసార్లు గుణించాలి, అంటే సుమారు 107.37 కోట్ల బైట్లు. అందుకే 512 జీబీ కాస్తా 476గా కనిపిస్తుంది. అలాగే 256 జీబీ డిస్క్ 238గా, 1 టీబీ డిస్క్ 931గా కనిపిస్తాయి. ఈ మూడు అంకెలు గుర్తుంచుకుంటే చాలు.

ఇంకో కమాండ్

పవర్‌షెల్‌లో ‘గెట్-ఫిజికల్‌డిస్క్’ అని కొడితే మోడల్ పేరు, ఎస్ఎస్‌డీయా హార్డ్ డిస్కా, హెల్త్, సైజు అన్నీ ఒకేచోట వస్తాయి. పాత ట్యుటోరియల్స్‌లో కనిపించే డబ్ల్యూఎంఐసీ కమాండ్‌ను మైక్రోసాఫ్ట్ పక్కన పెట్టేస్తోంది. కొత్త విండోస్ 11లో అది పనిచేయకపోతే కంగారు పడకండి.

ఒక్క జాగ్రత్త

ఈ కమాండ్లు చూపించేది డిస్క్ తన గురించి తాను చెప్పుకునే సైజు. రెండొందలకు దొరికే ‘2 టీబీ’ పెన్‌డ్రైవ్‌లు ఇక్కడే మోసం చేస్తాయి, సీఎండీలో కూడా 2 టీబీ అనే చూపిస్తాయి. వాటి బండారం బయటపడాలంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి టూల్‌తో నిండా డేటా రాసి, తిరిగి చదివించి చూడాలి.

మావాడు డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి, ఆ ఖాళీ భాగం మీద రైట్ క్లిక్ చేసి ‘న్యూ సింపుల్ వాల్యూమ్’ పెట్టాడు. అయిదు నిమిషాల్లో డీ డ్రైవ్ వచ్చేసింది, షాపువాడితో గొడవ తప్పింది. “ఇది ముందే తెలిస్తే షాపులోనే చూసీద్దును కదన్నయ్యా” అన్నాడు.

మీరైనా అలాగే చేయండి. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? ఫోన్‌పే కొట్టకముందే, కౌంటర్ దగ్గరే ‘లిస్ట్ డిస్క్’ కొట్టండి.