తీగలేని వార్తాహరుడు

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున మేడ్చల్, శామీర్‌పేట అను ఊళ్లు కలవు. పూర్వము శామీర్‌పేట యనగానే అచటి పెద్దచెరువు జ్ఞప్తికి వచ్చెడిది. నేడీ ప్రాంతము టీకాల తయారీకి పేరుగన్నది. వరప్రసాదరెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ, కాలేయమునకు సోకు హెపటైటిస్-బి వ్యాధికి జన్యు సంయోజన విధానమున టీకాను తయారుచేసి 1997లో విడుదల చేసెను. మన దేశమున ఆ విధానముతో తయారైన మొదటి టీకా అదియే. ఆ సంస్థ కర్మాగారము మేడ్చల్‌లో వెలసినది. శామీర్‌పేట చెంతనున్న జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ సంస్థవారి కోవాగ్జిన్‌కు 2021 జనవరిలో అత్యవసర వినియోగానుమతి లభించెను.

టీకాను తయారుచేయుట యెంత కష్టమో, చెడకుండ కాపాడుటయు నంత కష్టమే. పెక్కు టీకాలను 2 మొదలు 8 డిగ్రీల సెల్సియస్ చలిలో నుంచవలెను. వేడి సోకిన వాని శక్తి తగ్గును. హెపటైటిస్-బి టీకా గడ్డకట్టినను చెడిపోవును. పైకి చూచినంతమాత్రమున ఆ దోషము తెలియకపోవచ్చును. కావున శీతలగదుల ఉష్ణోగ్రతను రేయింబవళ్లు కనిపెట్టుచుండవలెను. గోడలకు రంధ్రములు చేసి తీగలు లాగనక్కరలేకుండ, కొలతలను రేడియో తరంగములద్వారా పంపు ఉష్ణమాపకములు నేడు వాడుకలోనున్నవి.

అయితే ఈ వార్తాహరునకు లోహమే పెద్ద ఆటంకము. శీతలగదుల గోడలకు లోహపు రేకులుండును. లోపల ఉక్కు యంత్రములు, బీరువాలు ఉండును. చెరువులోని అల రాతికట్టను తాకి మరలునట్లు, రేడియో తరంగము లోహమును తాకి వెనుకకు మరలును. పోవు అల యొక్క మిట్ట, వచ్చు అల యొక్క పల్లముతో కలిసినచోట రెండును అణగిపోవును. జర్మను శాస్త్రజ్ఞుడు హెర్ట్జ్ 1888లో తుత్తునాగపు రేకు నెదుట ఈ వింతను ప్రయోగపూర్వకముగా చూపెను. ఇట్టి పరికరములలో పెక్కింటి తరంగములు సెకనునకు సుమారు 240 కోట్ల మారులు కంపించును. వాని పొడవు 12 సెంటీమీటర్లకు మించి కొంచెముండును. అందుచే పరికరమును నాలుగు వ్రేళ్ల వెడల్పు జరిపినంతనే అందని వార్త అందవచ్చును. ఒక ఉక్కుబండి అడ్డము వచ్చినంతనే అందుచున్న వార్త ఆగిపోవచ్చును.

దీనికి ఉపాయములు కలవు. గది ఖాళీగా నున్నప్పుడుగాక, సరుకు నిండి యంత్రములు నడచుచుండగా తరంగబలమును కొలిచి చూడవలెను. వార్త నందుకొను సాధనములను ఒకటికి రెండుగా వేర్వేరు చోట్ల నిలుపవలెను. ఒక కంపనసంఖ్యపై రద్దీ యున్నచో పరికరము మరియొక దానికి మారవలెను. వార్త చేరినదను బదులు రానిచో మరల పంపవలెను. అంతవరకు ఆ కొలతను తన జ్ఞాపకములో భద్రపరచుకొనవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన నియమ మొకటి కలదు. వార్త రాకుండుటను క్షేమమని తలపరాదు. నియమిత కాలమునకు కొలత రానిచో గంట మ్రోగవలెను. కాపరి స్వయముగా పోయి చూడవలెను. తరంగము ఎన్నడును తప్పిపోదని ఎవ్వరును మాట ఈయలేరు. తప్పినవెంటనే తెలిసికొని, దానిని సరిదిద్దుకొను ఏర్పాటు మాత్రము మానవుని చేతిలోనున్నది. ఎక్కడో యొక పల్లెలో తల్లి యొడిలోని పసిబిడ్డకు వేయు టీకా సత్తువ ఈ జాగరూకతపైననే ఆధారపడియున్నది.