పగడపు తోటలు - ఏ దీవికి పోవలెను?

సెలవులలో ఏదేని ద్వీపమునకు పోయి, గాలి సిలిండరు వీపున కట్టుకొని సముద్రములో మునిగి, పగడపు తోటలను కన్నులార చూడవలెనని కోరువారు మన ప్రాంతములందును కలరు. వారు సాధారణముగా అడుగు ప్రశ్న, "ఏ దీవి అందమైనది?" అని. అడుగవలసినది వేరు: "ఏ దీవి చెంత పగడములు ఇంకను బ్రతికి యున్నవి?" ఒడ్డున కొబ్బరితోటలు, తెల్లని ఇసుక చెక్కుచెదరకున్నను, నీటి అడుగున తోట నశించి యుండవచ్చును.

పగడము రాయి కాదు. పాలిప్ అను చిన్న ప్రాణి సున్నపు గూడు కట్టుకొనును. అట్టివి కోట్లకొలది చేరి దిబ్బ యగును. దాని దేహములో కంటికి కనబడని నాచు కాపురముండి, సూర్యరశ్మితో ఆహారము సిద్ధపరచి, ఇంటి యజమానికి కూడ పెట్టుచుండును. పగడపు రంగు చాలవరకు ఆ నాచుదే. నీటి వేడిమి వేసవిలోని మామూలు గరిష్ఠమునకంటె ఒక్క డిగ్రీ హెచ్చి కొన్ని వారములు నిలిచినచో ఈ పొత్తు చెడును. నాచు వెడలిపోవును, పగడము పాలవలె తెల్లబడును. నీరు త్వరగా చల్లబడిన కోలుకొనును, లేనిచో ఆకలితో చచ్చును. ఇట్లు తెల్లబడిన దిబ్బ ఛాయాచిత్రమున మంచుకొండవలె మనోహరముగా నుండును! ప్రకటనలలోని బొమ్మలు చూచి మోసపోరాదు.

మన లక్షద్వీపములనే తీసికొందము. 1998, 2010, 2016 సంవత్సరములలో అచటి నీరు విపరీతముగా వేడెక్కినది. అగత్తి, కద్మత్, కవరత్తి దీవులలో 1998 నాటికి దిబ్బలపై నూటికి 37 వంతులుండిన సజీవ పగడము 2022 నాటికి 20 వంతులకు లోబడినది. అయినను నడుమ నడుమ ఆ దిబ్బలు కొంత కోలుకొన్నవి. అందులకు ఒక కారణము దీవివాసుల భోజనము! వారు వెలి సముద్రమున గడకు గాలము కట్టి ట్యూనా చేపను పట్టిరే కాని, దిబ్బలపై చేపలను అంతగా పట్టలేదు. దిబ్బలపై మిగిలిన చిలుకముక్కు చేపలు చచ్చిన పగడముపై పెరుగు నాచును గీకి తినుటచే, క్రొత్త పగడపు పిల్లలు నాటుకొనుటకు చోటు దొరకినది. కావున మీరు పోవు దీవిలో పెద్ద చేపలు, నాచు మేయు చేపలు ఉన్నవా యని విచారింపుడు.

తెలుగువారు అనేకులు స్థిరపడిన అండమాను దీవుల కథ మరియొకటి. 2004 డిసెంబరు భూకంపమున ఉత్తర అండమాను తీరము పైకి లేచి, కొన్ని దిబ్బలు నీటి వెలుపలపడి చచ్చినవి. 2010లో వేడిమి తక్కిన చోట్లను బాధించినది. కనుక దీవి పేరు చాలదు. ఏ దిబ్బ, ఎంత లోతు, ఎన్నడు చూచినది అని అడుగవలెను. 2023లో మొదలైన ప్రపంచవ్యాప్తమైన వేడిమికి పూర్వపు వర్ణనలను నమ్ముకొని సొమ్ము చెల్లింపకుడు. పడవవారు దిబ్బపై లంగరు వేయుదురా, లేక తేలుబుడ్డికి కట్టుదురా? ఈ ఒక్క ప్రశ్నతో వారి తీరు చాలవరకు తెలిసిపోవును.

మన బడుల సెలవులు ఏప్రిల్, మే నెలలలో వచ్చును. నీరు మిక్కిలి వేడెక్కు కాలము కూడ సరిగా అదియే. సంక్రాంతి ప్రాంతమున పోవుట మేలు. లక్షద్వీపములకు అనుమతి పత్రము కావలెను గనుక ఆ ప్రయత్నము ముందుగానే ఆరంభింపవలెను. ఈలోగా ఈతకొలనులో, కాళ్లు అడుగున మోపక నీటి నడుమ నిలుకడగా తేలుట అభ్యసింపుడు. ఒక్క తన్నుతో విరుగు కొమ్మ పెరుగుటకు ఏండ్లు పట్టును.