ఎలక్ట్రీషియన్ చదువు: ఫీజు ఎంత, అప్పు ఎంత, చేతికొచ్చేది ఎంత?

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, మా ట్రస్టు ఆఫీసులో ఒకే ప్రశ్న వినబడుతుంది. "మావాడిని కరెంటు పనిలో చేర్పిద్దామనుకుంటున్నామండీ, ఏ ఐటీఐ మంచిది?" దరఖాస్తులు చూసే పనిలో ఉన్న నేను ఎదురు ప్రశ్న వేస్తాను. "డబ్బు ఎక్కడినుంచి తెస్తున్నారు?" చాలామంది ఆ మాట దాటవేస్తారు.

గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాలకు వెళ్ళే కుర్రవాళ్ళు మనకు కొత్త కాదు. చేతిలో ఒక సర్టిఫికెట్ ఉంటే ఆ ప్రయాణం తప్పుతుందని తల్లిదండ్రుల ఆశ. ఆశ న్యాయమైనదే. కాని ఆ సర్టిఫికెట్ కోసం చేసిన అప్పు తీర్చడానికే పిల్లవాడు సూరత్ రైలెక్కవలసి వస్తే ఏం లాభం?

ముందు కోర్సు సంగతి

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్ళు. పదో తరగతి పాసై ఉండాలి. వైర్‌మన్ ట్రేడు కూడా రెండేళ్ళే గాని దానికి ఎనిమిదో తరగతి చాలు. పరీక్ష పాసైనవారికి జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ ఇస్తారు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ వంటి ఉద్యోగాలకు పనికొచ్చేది ఇలాంటి గుర్తింపు ఉన్న సర్టిఫికెట్టే. ఆరు నెలల్లో నేర్పిస్తామనే చోట ఇచ్చే కాగితం దీనికి సాటి రాదు.

ఒడిశాలో ఐటీఐ ప్రవేశాలు సామ్స్ పద్ధతిలో ఆన్‌లైన్‌లో జరుగుతాయి. మన బరంపురంలోనే ప్రభుత్వ ఐటీఐ ఉంది. ప్రైవేటు ఐటీఐలతో పోలిస్తే ప్రభుత్వ ఐటీఐలో ఫీజు బాగా తక్కువ. ఆడపిల్లల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2017లో సుదక్ష్య పథకం తెచ్చింది. చేరేముందు దాని సంగతి తప్పక అడగండి.

ఇప్పుడు లెక్క చూద్దాం

2024లో ఒడిశా ప్రభుత్వం కనీస వేతనాలు సవరించి, నైపుణ్యం లేని పనికి రోజుకు 450 రూపాయలు, అర్ధ నైపుణ్యానికి 500, నైపుణ్యానికి 550 అని నిర్ణయించింది. తర్వాత కరువు భత్యంతో ఈ అంకెలు కొంత మారుతుంటాయి. లెక్క కోసం వీటినే తీసుకుందాం.

నెలకు 26 రోజుల పని అనుకుంటే మామూలు కూలికి 11,700, నైపుణ్యం ఉన్నవాడికి 14,300 వస్తాయి. తేడా 2,600. కొత్తగా పాసైన కుర్రవాడిని మొదట హెల్పరుగా పెట్టుకుని అర్ధ నైపుణ్యం కూలి ఇస్తే ఆ తేడా 1,300కి పడిపోతుంది. అంటే కనీస వేతనం మీద చదువు వల్ల మొదట్లో అదనంగా వచ్చేది నెలకు 1,300 నుంచి 2,600 దాకా. కిస్తీ కట్టవలసింది ఇందులోంచే.

ఒక ప్రైవేటు ఐటీఐలో ఫీజు, హాస్టలు, పుస్తకాలు, పనిముట్లు కలిపి ఏడాదికి 50,000 చొప్పున రెండేళ్ళకు లక్ష రూపాయలు అయిందనుకోండి. బ్యాంకు వడ్డీ 12 శాతం. మొదటి ఏడాది వడ్డీ 6,000, రెండో ఏడాది 12,000, చదువయ్యాక ఇచ్చే ఏడాది విరామంలో ఇంకో 12,000. కిస్తీ మొదలయ్యే నాటికి అప్పు 1,30,000. ఐదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 2,890 కట్టాలి. చదువు వల్ల వచ్చిన 2,600 మొత్తం పోయి, ఇంకా చేతినుంచి పడుతుంది. మొత్తం కట్టేది లక్షా డెబ్బై మూడు వేల పైమాటే.

అదే ప్రభుత్వ ఐటీఐలో సీటు వచ్చి, రెండేళ్ళ ఖర్చులకు 30,000 అప్పు చాలిందనుకోండి. ఇదే వడ్డీతో మూడేళ్ళలో తీర్చినా కిస్తీ నెలకు 1,300 దాటదు. హెల్పరు కూలితో కూడా గట్టెక్కవచ్చు.

బయట అప్పు మాటేమిటి?

మూడు రూపాయల వడ్డీ అంటే చిన్నమాటలా వినబడుతుంది. లక్షకు నెలకు 3,000, ఏడాదికి 36,000. అదంతా వడ్డీయే, అసలు కదలదు.

గోసాని నువాగాం నుంచి వచ్చిన ఒక తల్లి తన కొడుకు చదువుకు ఇలాగే అప్పు చేసింది. పిల్లవాడు పాసయ్యాడు, పనీ దొరికింది. అయినా ఆమె, "బాబు గారూ, వాడి జీతం ఇంటికి రావడం లేదు, వడ్డీకే పోతోంది" అంది. తప్పు నాది కూడా. ఆనాడు ఫారంలో మార్కులు చూశాను గాని అప్పు సంగతి అడగలేదు.

బ్యాంకు అప్పు అవసరమైతే నైపుణ్య రుణం అని పేరు పెట్టి అడగండి. 2015లో వచ్చిన ఈ పథకంలో తాకట్టు అక్కరలేదు. ఏడాది దాటిన కోర్సులకు, చదువు పూర్తయిన 12 నెలల తర్వాత కిస్తీ మొదలవుతుంది. అప్పట్లో లక్షన్నర ఉన్న పరిమితిని 2024లో ఏడున్నర లక్షలకు పెంచారు. పరిమితి పెరిగిందని మన అప్పు పెంచుకోనక్కరలేదు.

సంపాదన పెరిగే దారులు

మొదటిది అప్రెంటిస్. 2019 నిబంధనల్లో ఐటీఐ పాసైనవారికి కనీస స్టైపెండు నెలకు 7,000గా పెట్టారు. దీన్ని పెంచాలని 2025లో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. ఆ డబ్బులో 2,890 కిస్తీ కట్టడం కష్టం. అందుకే చదువయ్యాక ఏడాది విరామం ఉందని అప్పు కాగితాల్లో చూసుకోవాలి.

రెండోది లైసెన్సు. ఒడిశా ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు పనివాడి పర్మిట్, సూపర్‌వైజరు సర్టిఫికెట్, కాంట్రాక్టరు లైసెన్సు ఇస్తుంది. ఈ మెట్లు ఎక్కినవాడికి సొంత పని చేసుకునే అవకాశం ఉంటుంది.

మూడోది డిప్లొమా. ఐటీఐ తర్వాత లేటరల్ ఎంట్రీలో డిప్లొమా రెండో సంవత్సరంలో చేరవచ్చు. బరంపురంలోని ఉమాచరణ్ పట్నాయక్ ఇంజనీరింగ్ స్కూలు మనకు తెలిసినదే. అప్పు చేసే శక్తినంతా ఐటీఐలోనే ఖర్చుపెట్టేస్తే ఈ దారి మూసుకుపోతుంది.

ఒక జాగ్రత్త. 2013 అక్టోబరులో పైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటాక కరెంటు పనివాడికి క్షణం తీరిక లేదు. అలాంటి నెలలో వచ్చిన డబ్బు చూసి అప్పు లెక్క వేయకూడదు. వానాకాలం ఖాళీ రోజులు కూడా కలిపి ఏడాది సగటు తీయాలి.

చేరేముందు అడగవలసినవి

1. ఈ సంస్థకు, ఈ ట్రేడుకు జాతీయ గుర్తింపు ఉందా? నోటిమాట చాలదు, కాగితం చూపమనండి.
2. రెండేళ్ళకు మొత్తం ఖర్చు ఎంత? పరీక్ష ఫీజు, పనిముట్లు, బస్సు ఛార్జీలు కలిపారా?
3. వర్క్‌షాపులో మోటార్లు, వైరింగ్ బోర్డులు పిల్లలు చేత్తో ముట్టుకునేలా ఉన్నాయా? పిల్లవాడిని తీసుకెళ్ళి చూడండి.
4. క్రితం ఏడాది పాసైనవాళ్ళు ఎక్కడ పని చేస్తున్నారు? కనీసం ఇద్దరితో మాట్లాడండి.
5. మధ్యలో మానేస్తే ఫీజు ఎంత తిరిగి ఇస్తారు?

నేను చెప్పే కొండగుర్తు ఒక్కటే. కిస్తీ నెలకు 1,300 దాటేలా ఉంటే ఆగి, ఇంకో దారి చూడండి. ఈ ఏడు సీటు రాకపోతే వచ్చే ఏడు మళ్ళీ ప్రయత్నించవచ్చు. ఉపకారవేతనం దరఖాస్తుతో పాటు ఈ లెక్క ఒక తెల్లకాగితం మీద వేసి తీసుకురండి. తప్పులుంటే కూర్చుని కలిసి సరిదిద్దుకుందాం. ఈసారి మార్కులకన్నా ముందు ఆ కాగితమే అడుగుతాను.