పాతపుస్తకముల వేలము



మా అమ్మమ్మగారి పెట్టెలో ఎఱ్ఱని గుడ్డలో చుట్టిన పాటల పుస్తక మొకటి యుండెడిది. అది ఆమె తల్లిగారిది. శుభకృత్ సంవత్సరమున, అనగా 1902-03లో, అచ్చుపడినది. శ్రావణమాసపు మంగళవారములలో దానిని ముందుంచుకొని ఆమె పాడుచుండగా నేను ప్రక్కను గూర్చుండి అక్షరముల వెంట వ్రేలు నడుపుచుండెడిదానను. నేను బడికిఁ బోయి చదివినది స్వల్పము. తాతగారియొద్ద అమరమును, భారత భాగవతములును చదువుకొంటిని. అయినను అక్షరములను నాకు మొదట చూపినది ఆ పాటల పుస్తకమే. అమ్మమ్మగారు గతించిన పిమ్మట ఇల్లు మరమ్మతు చేయించుచు ఆ పెట్టెను దొడ్డిలో నుంచిరి. రెండు వానలు కురిసినవి. మిగిలిన పని చెదలు చేసినవి.

అట్టి ప్రతి మఱియొకటి దొరకునా యని నాలుగేండ్లు విచారించితిని. తుదకు ఉపాధ్యాయులైన మావారు తమ ఫోనులో, ఇంటర్నెట్టు మీద జరుగు పాతపుస్తకముల వేలమును నాకు చూపిరి. అందు నేను నేర్చుకొన్నదానిని, పోగొట్టుకొన్నదానిని మీకు దెలుపుట మంచిదని తోచి యీ వ్యాసము వ్రాయుచున్నాను.

వేలము మన మెఱుగని విషయము కాదు. దేవాలయపు మాన్యములకును, చింతచెట్ల కాపునకును పాట పెట్టి, ఒకటోసారి, రెండోసారి యని పిలుచుట మనవారు చూచినదే. ఇంటర్నెట్టు వేలములో పిలుచువాడు లేడు. గడియారము మాత్రమే యున్నది. అమ్మువారు పుస్తకపు ఛాయాచిత్రములను, వర్ణనను, మొదటి ధరను, గడువును ప్రకటింతురు. గడువు ముగియునప్పటికి హెచ్చుపాట యెవరిదో వస్తువు వారిది. 1995లో అమెరికాలో పుట్టిన ఈబే యీ పద్ధతిని లోకమంతట వ్యాపింపజేసినది. మన దేశపు కొనుగోళ్లకై అది నడపిన ప్రత్యేక శాఖ 2018లో మూతపడినది. అయినను వేలములు ఆగలేదు. పేరున్న వేలపు సంస్థలును, చిన్న వర్తకులును వానిని నడపుచునే యున్నారు.

ఇందు తెలిసికొనవలసిన సూక్ష్మ మొకటి కలదు. అనేక వేలములలో మీరు ఇయ్యగల గరిష్ఠపు మొత్తమును ముందే తెలుపవచ్చును. దానిని ఇతరులకు చూపరు. ఇప్పటి పాట 500 రూపాయలు. మీరు 2,000 అని తెలిపితిరి. మఱియొకరి హద్దు 1,200. అప్పుడు మీ పేర పాట 1,200కు ఒక్క మెట్టు పైన నిలుచునే గాని 2,000కు పోదు. కాబట్టి ఎదుటివారు పెంచినకొలది మనమును పెంచుచు కూర్చుండ నక్కఱలేదు. మన హద్దు తెలిపి యింటిపనులు చూచుకొనవచ్చును. కొందఱు కడపటి క్షణములలో వచ్చి పాడుదురు. వారి హద్దు మన హద్దును మించినచో ఆ వస్తువు మనది కాదని విడిచిపెట్టుటయే వివేకము. మఱియు పాడిన మొత్తమే తుదిధర యని తలపరాదు. వేలపు సంస్థలు దానిపై తమ కమిషనును చేర్చును. తపాలా ఖర్చు వేఱు. విదేశమునుండి తెప్పించినచో సుంకము కూడ పడవచ్చును. ఇవన్నియు కలిపి లెక్కవేసి, హద్దును కాగితముమీద వ్రాసికొన్న పిమ్మటనే పాడవలెను.

ఇంత చెప్పుచున్న నేనే యీ నియమమును తప్పితిని. ఒకనాడు నేను వెదకుచున్న పాటల పుస్తకమే వేలమున కనబడెను. ముఖపత్రపు ఛాయాచిత్రమున "శుభకృత్ సంవత్సరము" అని స్పష్టముగ నుండెను. "1902 నాటి అరుదైన ప్రతి" యని అమ్మువారు వ్రాసిరి. నా గుండె ఝల్లుమనెను. ఇంటిఖర్చులో మిగిల్చి కూడబెట్టిన 4,000 రూపాయలు నాయొద్ద నుండెను. అవి మా అమ్మాయి వెండి పట్టీలకని యుంచినవి. 2,500 దాటనని మావారితో చెప్పి కూర్చుంటిని. చివరి యైదు నిమిషములలో ఎవరో పాట పెంచిరి, నేనును పెంచితిని. "ఇక చాలును" అని మావారనిరి. నాకు వినబడలేదు. 3,800 దగ్గఱ పాట నాకు నిలిచెను.

వారము దినములకు పుస్తకము వచ్చెను. వెనుక అట్టమీద ధర చూచితిని: 75 న. పై. నయాపైసలు! ప్రభవ, విభవ యని అరువది సంవత్సరముల పేర్లను నిద్రలో లేపి యడిగినను చెప్పగల నాకు, ఆ పేర్లు అరువదేండ్ల కొకసారి తిరిగి వచ్చునన్నమాట పాట పాడునప్పుడు స్ఫురింపలేదు. 1902-03 శుభకృత్తే, 1962-63 శుభకృత్తే, మొన్నటి 2022-23 కూడ శుభకృత్తే. మన దేశమున దశాంశ నాణెములు 1957 ఏప్రిలు 1న వచ్చినవి. "నయా" యను మాటను 1964 జూను 1న విడిచిరి. కాబట్టి నా ప్రతి 1962-63 నాటి పునర్ముద్రణమనుటకు సందేహము లేదు. అంతకంటె విచారకరమైన సంగతి మఱియొకటి. అమ్మమ్మగారు పాడెడి గౌరీదేవి మేలుకొలుపు ఆ ముద్రణమున లేదు. ఎవరో తీసివేసిరి.

అమ్మినవారికి వ్రాయగా, "మీరు ఛాయాచిత్రము చూచియే పాడితిరి గదా" యని ప్రత్యుత్తరము వచ్చెను. తప్పుగా వర్ణించుట వారి దోషము. వెనుక అట్టను చూపుడని యడుగకపోవుట నా దోషము. మా అమ్మాయికి పట్టీలు ఇంకను కొనలేదు.

కాలనిర్ణయమున కుపకరించు గుర్తులు కొన్ని కలవు. ధర రూ. 1-8-0 అని మూడంకెలతో నున్నచో అది రూపాయలు, అణాలు, పైల లెక్క. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. ఇట్టివి సాధారణముగ 1957కు ముందటివి. "ఆంధ్రరాష్ట్రము" అని చిరునామాలో నున్నచో, 1953 అక్టోబరు 1నకును 1956 నవంబరు 1నకును నడిమికాలము గుర్తుకు రావలెను. ఆఱంకెల పిన్ కోడు 1972 ఆగస్టు 15న వచ్చినది. అది యున్న పుస్తకము అంతకుముందటిది కానేరదు. సంవత్సరనామ మొక్కటియే యున్నచో మాత్రము దానిని నమ్మక, ఈ గుర్తులలో నొకటి తోడు వచ్చువఱకు ఆగవలెను.

పాడుటకు ముందు అమ్మువారిని నాలుగు ప్రశ్నలు అడుగవలెను. ముఖపత్రము, దాని వెనుక పుట, వెనుక అట్ట చూపుదురా? పుటలన్నియు కలవా? ఇది నాటి అచ్చా, లేక పాత ప్రతిని చూచి యిప్పుడు తీసిన నకలా? గ్రంథాలయపు ముద్ర యేమైన నున్నదా? ఈ నాలుగవ ప్రశ్న ముఖ్యమైనది. గ్రంథాలయము వారు తీసివేసినట్టు గుర్తులేని ముద్ర యున్నచో, ఆ పుస్తకము దొంగసొత్తు కావచ్చును. సమాధానము తృప్తికరము కానిచో దానిని విడువవలెను. మఱియు 1972 నాటి పురావస్తువుల చట్టము ననుసరించి, డెబ్బదియైదేండ్లు దాటిన విలువగల వ్రాతప్రతులును, దస్తావేజులును పురావస్తువులలో చేరును. వానిని మనవంటివారు విదేశమునకు పంపరాదు. ఇంటిలోని తాటాకు గ్రంథములను విదేశపు వేలమున పెట్టుదమని యెవరైన ప్రలోభపెట్టినచో వినకుడు.

పుస్తకములోని విషయమే కావలసినవారు డబ్బు చెల్లింపక ముందు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెదకవలెను. వేలకొలది తెలుగు పుస్తకముల పుటలు అందు ఉచితముగ చదువ దొరకును. వేటపాలెములో 1918లో వెలసిన సారస్వత నికేతనము వంటి గ్రంథాలయములు పాత పత్రికలను భద్రపఱచుచున్నవి.

పుస్తకములేగాక, ఒక్కనాటి పనికై పుట్టిన కాగితములు కూడ నేడు వేలమునకు వచ్చుచున్నవి: పెండ్లి శుభలేఖలు, నాటకముల కరపత్రములు, సినిమా పాటల పుస్తకములు, సబ్బు ప్రకటనలు, పంచాంగములు, కార్డులు. తమిళదేశమున కొట్టైయూరులో రోజా ముత్తయ్య యను నొక గృహస్థుడు అట్టివానిని పుస్తకములతోపాటు జీవితమంతయు ప్రోగుచేసెను. ఆయన 1992లో మరణించెను. ఆ సంపాదనమే 1994లో మదరాసున ఆయన పేర నొక పరిశోధన గ్రంథాలయమైనది. నాకు వచ్చిన పుస్తకమున కూడ పుటల నడుమ ఒక చాకలిపద్దు దొరకెను: చీరలు 6, పంచెలు 4, రవికెలు 8, దుప్పట్లు 2. వ్రాసినామె యెవరో! అమ్మినవారు దానిని వర్ణనలో చేర్చలేదు. నాకు మాత్రము ఆ పుస్తకమున విలువైనది అదియే. వందలకొలది పుటల చరిత్రగ్రంథములలో ఆ యిల్లాలి దుప్పట్ల లెక్క దొరకదు.

కావున, సోదరీమణులారా, వేలమునకు పోవుటకు ముందు మీ పెట్టెలు తెఱచి చూడుడు. పాత కాగితములను తూకమునకు వేయకుడు. చినిగినవానికి సెల్లోటేపు అంటింపకుడు. అది పసుపుబాఱి కాగితమును తినివేయును. గోడకు దూరముగ, తేమ తగులని చోట ఉంచి, అప్పుడప్పుడు తెఱచి చూచుచుండవలెను. శుభలేఖల వెనుక ఎవరి పెండ్లియో, మనకు ఏమి కావలసినవారో వ్రాసియుంచుడు.

ఇక ఆ మేలుకొలుపు సంగతి. పుస్తకము వచ్చిన నెలకు మా చిన్నమ్మమ్మగారి యింటికి పోయి జరిగినదంతయు చెప్పితిని. ఆమెకు 82 ఏండ్లు. నవ్వి, "ఆ పాటకు అంత డబ్బు పోసితివా, నన్నడుగరాదటే?" యని, ప్రత్తి వత్తులు చేయుచునే పాడ నారంభించిరి. నేను ఫోనులో ధ్వని పట్టి, పిమ్మట వ్రాసికొంటిని. ఏడు చరణములు వచ్చినవి. ఎనిమిదవది సగములో ఆగెను. "అక్కయ్యకు వచ్చును" అనిరి. అక్కయ్య యనగా మా అమ్మమ్మగారే.

ఆ సగము చరణమునకై నేను ఇంకను వేలములు చూచుచునే యున్నాను. ఈమాఱు నా హద్దు కాగితముమీద నున్నది. ఆ కాగితము మావారియొద్ద నున్నది. మీ యింట వృద్ధులున్నచో మాత్రము, ముందు వారినడిగి వ్రాసికొనుడు.